వండర్‌లానా, ఇమాజికానా? దెగ్లూర్, ధర్మాబాద్, బల్లార్షా, సిరొంచ వాళ్లు ఎటు వెళ్లాలి

మహారాష్ట్ర సరిహద్దులోని తెలుగు ఊళ్లకు దగ్గర్లో చెప్పుకోదగ్గ రోలర్ కోస్టర్ లేదు. ఎటు వెళ్లినా ఒక పూట ప్రయాణం తప్పదు. ఒకప్పుడు ముంబయి పేరెత్తితే ఎస్సెల్‌వరల్డ్ అనేవాళ్లు. 1989లో తెరిచిన ఆ పార్కు 2022లో మూతపడింది. ఇప్పుడు గట్టిగా చెప్పుకోవలసినవి రెండే: 2016లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో తెరిచిన వండర్‌లా, 2013లో ముంబయి–పుణె దారిలో ఖోపోలి దగ్గర తెరిచిన ఇమాజికా. పెద్దవాళ్లు వెంట ఉంటే రామోజీ ఫిల్మ్ సిటీ మూడోది. నాగపూర్ చుట్టుపక్కల వాటర్ పార్కులు నీళ్ల ఆటకు చాలు గానీ, కోస్టర్ కోసం వెళ్లే చోట్లు కావు.

చాలామంది రైడ్ల సంఖ్య చూసి ఎంచుకుంటారు. నలభై రైడ్లున్నా ఒక రోజులో ఎక్కగలిగేది అందులో సగమో, అంతకంటే తక్కువో. ఎంపికకు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. గేటు లోపల మీకు నికరంగా ఎన్ని గంటలు దక్కుతాయి? మీ గుంపులో అందరికంటే పొట్టి మనిషి ఎత్తెంత?

ముందు దూరం లెక్క

దెగ్లూర్ నుంచి వండర్‌లాకు కారులో సుమారు 230 కి.మీ. మద్నూర్, పిట్లం, జోగిపేట, సంగారెడ్డి మీదుగా 161వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, ముత్తంగి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. ఊళ్లోకి అస్సలు దిగొద్దు. గచ్చిబౌలి, శంషాబాద్ వైపు తిరిగి 13వ ఎగ్జిట్ రావిర్యాల దగ్గర దిగితే పార్కు అక్కడే. నాలుగు గంటల పైమాటే అనుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే, దారిలో టిఫిన్ చేసుకుని కూడా గేటు తెరిచే వేళకు చేరతారు.

అదే దెగ్లూర్ నుంచి ఖోపోలికి 500 కి.మీ. దాటుతుంది. ఒకే రోజులో వెళ్లి, తిరిగి, ఇల్లు చేరడం జరగని పని. నాందేడ్ నుంచి పన్వేల్ ఎక్స్‌ప్రెస్ పుణె మీదుగా వెళ్తుంది. పన్వేల్‌లో దిగి ఖోపోలికి రోడ్డు మీద వెళ్లొచ్చు. మన్మాడ్ మీదుగా ముంబయి వెళ్లే రైలెక్కితే కల్యాణ్‌లో దిగి ఖోపోలి లోకల్ పట్టుకోవాలి. ఆ లోకళ్లు ఎప్పుడు పడితే అప్పుడు ఉండవు. సామాను, పిల్లలు ఉన్నవాళ్లకు పన్వేల్ దారే సుఖం. ఎలా వెళ్లినా రెండు రాత్రులు ప్రయాణానికి, వీలైతే ఒక రాత్రి లోనావాలాలోనో ఖోపోలిలోనో బసకు కేటాయించుకోండి.

ధర్మాబాద్, ఉమ్రి వైపు వాళ్లకు రైలే మేలు. మన్మాడ్ నుంచి వచ్చే అజంతా ఎక్స్‌ప్రెస్ పొద్దున కాచిగూడలో దించుతుంది. సికింద్రాబాద్ కంటే కాచిగూడ పార్కుకు దగ్గర. చిక్కల్లా తిరుగు ప్రయాణంలోనే. కాచిగూడ నుంచి అజంతా సాయంత్రమే బయలుదేరుతుంది కాబట్టి, పార్కు మూసేదాకా ఉన్నవాళ్లకు అందదు. తిరుగు టికెట్ దానికే తీసుకుని, రైలు పోతుందని మధ్యాహ్నం మూడింటికే బయటపడేవాళ్లు చాలామంది. సగం డబ్బు అక్కడే పోయినట్టు. రాత్రి నిజామాబాద్, నాందేడ్ వైపు వెళ్లే బస్సులు చూసుకోండి.

బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వాళ్లలో కొందరు నాగపూర్–సికింద్రాబాద్ వందే భారత్‌ను చూసి మోసపోతారు. ఆ బండి బల్లార్షాలో ఆగుతుంది, వేగంగానూ వెళ్తుంది, కానీ సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. అక్కడి నుంచి పార్కుకు ఇంకో గంటన్నర. ఏడు గంటల టికెట్ కొని నాలుగు గంటలు వాడుకోవడమే. తిరుగు బండి కూడా మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలోనే కదులుతుంది. కాజీపేట మీదుగా బల్లార్షా నుంచి సికింద్రాబాద్ దాదాపు 365 కి.మీ.; రాత్రి ఎక్కి తెల్లవారి దిగే మామూలు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బెర్తే సరైన బేరం. స్టేషన్ వెయిటింగ్ హాల్లో మొహం కడుక్కుని, సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, ఎల్బీనగర్‌లో దిగితే మిగిలేది ఇరవై కిలోమీటర్లే. స్టేషన్ ముందు ఆటోవాళ్లు నేరుగా పార్కుకు చెప్పే రేటు కంటే ఎల్బీనగర్ నుంచి క్యాబ్ చాలా తక్కువ పడుతుంది.

బల్లార్షా నుంచి ఖోపోలి మాటకు వస్తే 800 కి.మీ. దాటిన దూరం. దానికోసమే వెళ్లడం దండగ. పుణెలోనో ముంబయిలోనో చుట్టాలుండి, ఎలాగూ వెళ్తుంటే కలుపుకోండి.

సిరొంచ వాళ్లకు గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. అక్కడి నుంచి భూపాలపల్లి, పరకాల, హనుమకొండ మీదుగా హైదరాబాద్ సుమారు 300 కి.మీ. ఘట్‌కేసర్ దగ్గర 9వ ఎగ్జిట్‌లో రింగ్ రోడ్డు ఎక్కితే రావిర్యాల దాకా సిటీ ట్రాఫిక్ తగలదు. కానీ ఆరేడు గంటలు కూర్చుని వచ్చి అదే రోజు తిరిగి బయలుదేరితే డ్రైవర్‌కు నిద్ర ఉండదు. భూపాలపల్లి అడవి దారిలో అర్ధరాత్రి కునుకు తీసే డ్రైవర్ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. రాత్రి ఇబ్రహీంపట్నం, తుక్కుగూడ వైపు లాడ్జిలో పడుకుని పొద్దున బయలుదేరండి.

క్రూజర్ బండి కిరాయికి మాట్లాడుకునేవాళ్లు ఇంకొకటి చూడాలి. పసుపు నంబరు ప్లేటున్న మహారాష్ట్ర బండి తెలంగాణలోకి రావాలంటే పర్మిట్, ట్యాక్స్ కట్టాలి. ఆ డబ్బు కిరాయిలో కలిసిందా, మీరు వేరే పెట్టుకోవాలా అన్నది బయలుదేరకముందే తేల్చుకోండి. లేకపోతే సరిహద్దులోని సలాబత్‌పూర్ దాటాక రోడ్డు పక్కన వాదులాటే.

కోస్టర్ల సంగతి

కోస్టర్ కోసమే వెళ్లేవాళ్లకు ఇమాజికానే పైచేయి, ఇందులో సందేహం లేదు. అక్కడి నైట్రో స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిగర్ అండ్ మాబిలార్డ్ తయారుచేసినది. ప్రపంచంలో పేరున్న పెద్ద పార్కులు చాలా వాళ్ల కోస్టర్లు కొంటాయి. దీనికి అడుగు పలక ఉండదు. వరుసకు నలుగురు కూర్చుంటారు. భుజాల మీదికి బార్ దిగుతుంది, దానికి కింది నుంచి బెల్టు తగిలిస్తారు. పనివాడు ఒక్కో బార్‌ను పైకి లాగి చూసి, చివరి వరుస దగ్గర బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు. అప్పుడు కాళ్ల కింది ప్లాట్‌ఫారం దిగిపోతుంది, పాదాలు గాలిలో వేలాడతాయి. చెప్పులు వేసుకున్నవాళ్లు అప్పుడే కంగారు పడతారు. బండి సుమారు 40 మీటర్ల ఎత్తుకు గొలుసుతో లాగబడి, అక్కడి నుంచి తన బరువుతోనే గంటకు 100 కి.మీ. దరిదాపు వేగం అందుకుని ఐదుసార్లు తలకిందులవుతుంది. ఇంత తిప్పినా కుదుపు తక్కువ, మెడ పట్టదు. పట్టాల వంపు నడుము చుట్టూ కాక గుండె ఎత్తు చుట్టూ తిరిగేలా గీస్తారు కాబట్టి తల అటూ ఇటూ కొట్టుకోదు.

నైట్రో కాక చీకట్లో పరిగెత్తే డీప్ స్పేస్, గనిబండి లాంటి గోల్డ్ రష్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ఈ రెండోది భయపడేవాళ్లకు తొలి మెట్టుగా పనికొస్తుంది. డీప్ స్పేస్‌లో ఎత్తు పెద్దగా లేకపోయినా, వచ్చే మలుపు కనపడదు కాబట్టి కడుపు ఎక్కువ తిరుగుతుంది. కళ్లు చూసి ఒళ్లు సిద్ధపడే అవకాశం లేకపోవడమే దానికి కారణం.

వండర్‌లాలో ప్రధానమైన కోస్టర్ రీకాయిల్. ఇది చుట్టు తిరిగి వచ్చే రకం కాదు. ముందుకు వెళ్లి లూపులు తిరిగి, అవతలి కొండెక్కి, అదే పట్టాల మీద వెనక్కి వస్తుంది. అందుకే ప్రతి లూపూ రెండుసార్లు. వెనక్కి వచ్చేటప్పుడే అసలు భయం, మలుపు వీపు వైపు నుంచి వస్తుంది. ముందు వరుసలో కూర్చుంటే వెళ్లేటప్పుడు దృశ్యం బాగుంటుంది. చివరి వరుసలో కూర్చున్నవాళ్లు తిరుగు దారిలో మొదటివాళ్లవుతారు. ఎక్కువ వేడుక కావాలంటే చివరి వరుస అడగండి.

ఇలాంటి రకానికి ఒక లోపం ఉంది: పట్టాల మీద ఒకే బండి నడుస్తుంది. నైట్రో లాంటి చుట్టు కోస్టర్ మీద ఒక బండి స్టేషన్లో జనాన్ని ఎక్కించుకుంటుంటే ఇంకోటి తిరుగుతూ ఉండొచ్చు. రీకాయిల్‌లో వెళ్లిన బండి వచ్చి, ఆగి, జనం దిగి, కొత్తవాళ్లు ఎక్కి, బార్లన్నీ తాళం పడేదాకా క్యూ ఒక్క అంగుళం కదలదు. కాబట్టి వండర్‌లాలో గేటు తెరవగానే మొదట అటే నడవండి. అందరూ ఎంట్రన్స్ దగ్గర ఫొటోలు దిగుతున్న ఆ అరగంటలో పావుగంటకే ఎక్కొచ్చు. సెలవు రోజున పన్నెండింటికి వెళ్తే గంట నిలబడాలి.

రెండు పార్కుల్లోనూ క్యూ తప్పించే ఖరీదైన టికెట్ ఉంది. వండర్‌లాలో ఫాస్ట్ ట్రాక్ అంటారు, ఇమాజికాలో ఎక్స్‌ప్రెస్. మామూలు పనిదినాన అది అనవసరం. ఆదివారం, పండగ సెలవుల్లో ఇమాజికాకు వెళ్తే మాత్రం కొనండి. 500 కి.మీ. వచ్చి నాలుగు రైడ్లతో తిరిగి వెళ్లడం కంటే అదే చవక.

టికెట్‌లో ఏం వస్తుంది

వండర్‌లా ఒకే టికెట్ మీద పొడి రైడ్లూ నీటి రైడ్లూ రెండూ ఇస్తుంది. ఇమాజికాలో థీమ్ పార్కుకు ఒక టికెట్, వాటర్ పార్కుకు ఇంకోటి, స్నో పార్కుకు మరోటి. ఒక్క రోజులో థీమ్ పార్కు, వాటర్ పార్కు రెండూ పెట్టుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. పిల్లలు నీళ్లు కావాలంటారు, యువకులు కోస్టర్ కావాలంటారు, అమ్మమ్మ నీడ కావాలంటుంది. ఇలాంటి కలగాపులగం కుటుంబానికి వండర్‌లానే సరిపడుతుంది.

ఎత్తు సంగతికి వద్దాం. పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 140 సెం.మీ., అంటే నాలుగున్నర అడుగుల దగ్గర పిల్లల టికెట్ ఆగి పెద్దల టికెట్ మొదలవుతుంది. పెద్ద కోస్టర్లకు కనీస ఎత్తు కూడా సాధారణంగా ఆ చుట్టుపక్కలే. అంటే పిల్లల టికెట్ మీద లోపలికి వెళ్లిన బాబు నైట్రో, రీకాయిల్ ఎక్కే అవకాశం చాలా తక్కువ. ఇంట్లోనే గోడకు నిలబెట్టి, చెప్పులు లేకుండా టేపుతో కొలవండి. 137 వచ్చిందంటే క్యూ చివర కొలకర్ర దగ్గర ఏడుపు ఖాయం, అక్కడ ఎవరూ కనికరించరు. కనికరించకూడదు కూడా. ఆ బార్ పెద్దవాళ్ల భుజాల కొలతకు చేసింది. పొట్టివాళ్లు తలకిందులైనప్పుడు దాని కిందనుంచి జారే ప్రమాదం ఉంది.

ఇంట్లో పిల్లలందరూ 110 సెం.మీ. లోపే ఉంటే రెండు పార్కులకూ ఇప్పుడే వెళ్లొద్దని మా సలహా. శివరాత్రికి కాళేశ్వరం, మార్కండ జాతరల్లో, మార్గశిరంలో నాందేడ్ వైపు మాళేగావ్ ఖండోబా జాతరలో రంగులరాట్నం, చిన్న రైలు వాళ్లకు చాలు. అక్కడ ఎక్కించే ముందు కూర్చునే డబ్బా తలుపుకు పిన్ను, దానికి గొలుసు రెండూ ఉన్నాయో లేదో చూడండి. పిన్ను బదులు ఇనుప తీగ చుట్టి ఉంటే ఎక్కించొద్దు.

అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు, బీపీ, నడుము, మెడ నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు పెద్ద కోస్టర్లు ఎక్కకూడదు. ఇలాంటివాళ్లు గుంపులో సగం మంది ఉంటే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీ తీసుకోండి. బస్సులో తిప్పుతారు, ప్రదర్శనలు కూర్చుని చూడొచ్చు. రైడ్లు ఉన్నా మెత్తనివే. కోస్టర్ మీద ఆశపడే కుర్రాడికి మాత్రం అక్కడ విసుగే.

ఏ రోజు

ఈ సరిహద్దులో ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటుంది, చాలామంది వాడుకోరు. పిల్లలు చదివేది మహారాష్ట్ర బళ్లలో, పార్కు ఉన్నది తెలంగాణలో. తెలంగాణ బళ్లకు దసరాకు పెద్ద సెలవులు, మహారాష్ట్రకు దీపావళికి. దీపావళి మరుసటి వారంలో మామూలు పనిదినాన వండర్‌లా ఖాళీగా ఉంటుంది. అదే వారం ఇమాజికాలో మహారాష్ట్ర అంతా దిగుతుంది. జూన్‌లో ఇంకో సందు దొరుకుతుంది: ఈమధ్య కాలంలో తెలంగాణ బళ్లు జూన్ 12న తెరుస్తున్నారు, విదర్భ బళ్లు జూన్ ఆఖరుకో జులై మొదటికో. చంద్రపూర్, గడ్చిరోలి పిల్లలకు ఆ పది రోజులు బంగారం. ఎండ తగ్గుతుంది, క్యూ ఉండదు. నాందేడ్ జిల్లా వాళ్లకు జూన్ మధ్యలోనే బడి కాబట్టి రెండు మూడు రోజులే దొరుకుతాయి. సంక్రాంతి, దసరా సెలవుల్లో హైదరాబాద్ వైపు చూడకండి.

ఖోపోలి సహ్యాద్రి కొండల అడుగున ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ వాన వానలా కురవదు, కుమ్మరిస్తుంది. మెరుపులు, గాలి, జోరువాన ఉంటే ఎత్తైన కోస్టర్లు ఆపేస్తారు. టికెట్ డబ్బు మాత్రం అందుకు వెనక్కి రాదు. ఇమాజికాకు నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో నీటి రైడ్లే దిక్కు. మధ్యాహ్నం సిమెంటు నేల మీద ఉత్త కాళ్లతో నడవలేరు. అందరి కాళ్లకూ రబ్బరు చెప్పులు పట్టుకెళ్లండి.

లోపల రోజు నడపడం

వండర్‌లాలో నీటి రైడ్లు పొడి రైడ్ల కంటే ఆలస్యంగా మొదలై, ముందే ఆగిపోతాయి. కాబట్టి పొద్దున రీకాయిల్, దాని పక్క పెద్ద రైడ్లు; మధ్యాహ్నం ఎండలో నీళ్లు; సాయంత్రం మళ్లీ పొడి. తడిబట్టలతో పొడి రైడ్లు ఎక్కనివ్వరు. మధ్యలో అటూ ఇటూ మారితే ప్రతిసారీ లాకర్, బట్టలు మార్చుకోవడం కలిసి అరగంట పోతుంది.

నీళ్లలోకి నైలాన్, పాలిస్టర్, లైక్రా బట్టలే. చీర, పంచె, జీన్స్, కాటన్ నైటీ పనికిరావు. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, స్లైడ్‌లో మధ్యలో ఆగిపోతారు, వెనక వచ్చేవాళ్లు గుద్దుకుంటారు. దాని పీచు ఫిల్టర్లలో ఇరుక్కుంటుంది. లోహపు జిప్పులు, గుండీలు ఫైబర్ స్లైడ్‌ను గీస్తాయి. ఆడవాళ్లకు పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు, లెగ్గింగ్ ఊళ్లోనే కొనుక్కుంటే లోపలి దుకాణం ఖర్చు తప్పుతుంది.

బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లలది తప్ప. కట్టుకున్న రొట్టెలు, పులిహోర గేటు బయట కారులోనే తినాలి. కోస్టర్ ఎక్కేముందు గంటన్నరలో బిర్యానీ వద్దు. అలాగని ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, వికారం ఇంకా ఎక్కువ. పొద్దున ఇడ్లీయో పోహానో చాలు. నిజానికి వాంతి తెప్పించేవి కోస్టర్లు కావు, ఒకే చోట గిర్రున తిప్పేవి. వాటిని భోజనం తర్వాత పెట్టుకోకండి, రెండు వరసగా అసలే ఎక్కకండి. కోస్టర్ మీద తల వెనక దిండుకు ఆనించి, కళ్లు తెరిచి, పట్టాలు వెళ్లే వైపు చూడండి. కళ్లు మూసుకుంటే తిరుగుడు పెరుగుతుంది.

కోస్టర్ మధ్యలో కొండ మీద ఆగిపోతే భయపడక్కర్లేదు. బండ్ల మధ్య దూరం సెన్సార్లు చూస్తుంటాయి. ఏ ఒక్కటి అనుమానపడినా బ్రేకులు పడేలా చేస్తారు. ఆగడమంటే కాపాడే ఏర్పాటు పనిచేసినట్టే. బార్‌ను మీరే ఎత్తాలని చూడకండి, మనుషులు మెట్లెక్కి వస్తారు. కళ్లజోడుకు తాడు, జేబులకు జిప్పు ఉండాలి. ఫోన్ లాకర్‌లోనే పెట్టాలి. ఆ వేగంలో ఎగిరిన ఫోన్ కింద క్యూలో నిలబడ్డవాడి తల పగలగొడుతుంది.

టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది, పనిదినాన తక్కువ. ఆన్‌లైన్‌లో ముందే కొంటే ఇంకా తగ్గొచ్చు. కాలేజీ పిల్లల తగ్గింపుకు ఫోన్‌లో ఫొటో చాలదు, అసలు గుర్తింపు కార్డు చూపాలి. ఒకటి మాత్రం మర్చిపోకండి: కోస్టర్లకు ఏడాదికోసారి పెద్ద మరమ్మతు ఉంటుంది, కొన్నిసార్లు వారాల తరబడి ఆపుతారు. నైట్రో కోసమో రీకాయిల్ కోసమో వెళ్తుంటే, డబ్బు కట్టకముందే పార్కుకు ఫోన్ చేసి ఆ రైడ్ పేరు చెప్పి, ఆ తేదీన నడుస్తుందా అని అడగండి. ఆగి ఉందంటే తేదీ మార్చుకోండి, రైలు టికెట్ రద్దు ఖర్చు అంతకంటే తక్కువే.